పాత సేవ్‌ను చెరిపిందెవరు? బడి గేముల్లో సేవ్ వ్యవస్థను బాగుచేయడం

"సార్, నా గేమ్ మళ్లీ మొదటికొచ్చింది" అని పిల్లగాడు చెప్పిన మాట డెవలపర్ దాకా వచ్చేసరికి "సేవ్ పనిచేయట్లేదు" అయిపోతుంది. ఆ ఒక్క ఫిర్యాదు వెనక కనీసం నాలుగు వేర్వేరు రోగాలుంటాయి. గేమ్ అసలు సేవ్ రాయనే లేదు. లేదా రాస్తుంటే మధ్యలో తెగింది. లేదా సరిగ్గానే రాసింది, కొత్త వెర్షన్‌కు దాన్ని చదవడం రాలేదు. లేదా అంతా బాగానే ఉంది, మధ్యాహ్నం పీరియడ్‌లో ఇంకో పిల్ల వచ్చి అదే ఫైలు మీద ఆడింది. నాలుగింటికీ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే.

అందుకే కోడ్ తెరవకముందు ఆ మెషీన్‌లో సేవ్ ఫోల్డర్ తెరవాలి. విండోస్‌లో యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌తో చేసిన గేమ్ అయితే యాప్‌డేటా కింద కంపెనీ పేరు, గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్; గోడో అనే ఇంజిన్‌తో చేసిందైతే యాప్‌డేటాలోని గోడో ఫోల్డర్ కింద ప్రాజెక్టు పేరుతో ఉంటుంది. ఫైలు సైజు సున్నా బైట్లు ఉంటే రాత మధ్యలో తెగింది. సైజు బాగానే ఉండి లోపలంతా సున్నాలే కనిపిస్తే, రాసిన వెంటనే కరెంటు పోయింది: విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, ఫైలు పేరు, సైజు లాంటి వివరాలను జర్నల్‌లో (మార్పుల చిట్టాలో) కాపాడుతుంది, లోపలి డేటాకు ఆ హామీ లేదు. ఫోల్డరే ఖాళీగా ఉంటే గేమ్ పేరో, కంపెనీ పేరో మార్చారేమో చూడండి. విడుదలకు ముందు టైటిల్‌లో ఒక్క అక్షరం దిద్దినా రెండు ఇంజిన్లూ వేరే ఫోల్డర్‌లో వెతుకుతాయి. పాత సేవ్‌లు పాత ఫోల్డర్‌లోనే భద్రంగా ఉంటాయి, గేమ్‌కే కనబడవు.

ఇక ఫైలు చక్కగా తెరుచుకుని, లోపల అప్పుడే మొదలుపెట్టిన ఖాళీ ఆట ఉంటే, అన్నిటికన్నా చెడ్డ కేసు అదే. ఆ పని కరెంటు చేసింది కాదు, గేమే చేసింది. చదివే కోడ్ చుట్టూ ట్రై-క్యాచ్ పెట్టి, తప్పు వస్తే "కొత్త ఆట" ఇచ్చేలా రాసి ఉంటారు. క్రాష్ కాకపోతే చాలనిపిస్తుంది రాసేటప్పుడు. పాత సేవ్‌లో ఎక్కడో ఒక కామా తప్పింది, చదవడం విఫలమైంది, కొత్త ఆట మొదలైంది, అర నిమిషానికి ఆటోసేవ్ వచ్చి ఆ ఖాళీ ఆటను పాతదాని మీద రాసింది. ఒక్క కామా దిద్దితే బతికే మూడు నెలల చదువు అక్కడితో పోయింది. సేవ్ వ్యవస్థలో ఒక్కటే బాగుచేసే తీరిక ఉంటే ముందు ఇది చేయండి: "ఫైలు లేదు", "ఫైలు ఉంది, చదవలేకపోయాను" అనే రెండింటినీ వేరుచేయాలి. మొదటిదానికే కొత్త ఆట. రెండోదానికి, చెడిన ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, బ్యాకప్‌లు ఒక్కొక్కటిగా చూసి, ఏదీ దొరక్కపోతే తెరమీద టీచరుకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ఆ పరిస్థితిలో ఆటోసేవ్ ఆగిపోయి ఉండాలి.

ఏది రాయాలి, ఏది రాయకూడదు

మాట గాల్లో ఉండకుండా ఒక గేమ్ అనుకుందాం. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ జిల్లావాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దానికి శాస్త్రవేత్తల లోకంలో ఉన్న పేరే నల్లగొండ టెక్నిక్. ఏడో తరగతి పిల్లలు బకెట్ నీళ్లు తీసుకుని, సున్నం వేసి, పటిక వేసి, ముందు జోరుగా, తర్వాత నెమ్మదిగా కలిపి, నీళ్లు తేరుకున్నాక పైనీళ్లు వడగట్టి, లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గరికి తేవాలి. భారత ప్రమాణాల ప్రకారం ఆమోదయోగ్యమైన పరిమితి 1, వేరే నీళ్ల దారి లేనప్పుడు 1.5. నీళ్లు తేరుకోవడానికి నిజంగా గంట దాకా పడుతుంది. గేమ్‌లో దాన్ని రెండు నిమిషాలకు కుదిస్తాం.

ఆ రెండు నిమిషాల మధ్యలో గంట కొట్టారు. ఏం సేవ్ చేయాలి? వేసిన సున్నం గ్రాములు, పటిక గ్రాములు, ఇప్పుడున్న దశ, ఆ దశలో గడిచిన సెకన్లు, మొదట్లో బోరు నీటికి ఇచ్చిన ఫ్లోరైడ్ విలువ. ఇంతే. బకెట్ బొమ్మ రంగు, మడ్డి ఎంత కిందికి దిగింది, తెరమీది శాతం ఇవన్నీ వాటినుంచే లెక్కగట్టుకోవచ్చు. లెక్కతో వచ్చేదాన్ని కూడా సేవ్ చేస్తే ఏదో ఒకరోజు రెండూ పొసగవు. "ఫలానా టైముకు తేరుకుంటుంది" అని గడియారం వేళ రాయడం ఇంకో ఉచ్చు. రేపు పొద్దున గేమ్ తెరిస్తే ఆ వేళ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, పిల్లలకు చూడాల్సిన దశే మాయమవుతుంది. గడిచిన సెకన్లే రాయాలి.

ఒక్కచోట మాత్రం ఈ నియమాన్ని కావాలనే తప్పాలి. పూర్తయిన ప్రయోగానికి వచ్చిన మార్కు లెక్కతో వచ్చేదే అయినా దాన్ని సేవ్‌లో రాసి ఉంచాలి. వచ్చే అప్‌డేట్‌లో మీరు పటిక మోతాదు సూత్రం సవరిస్తారు. మార్కును మళ్లీ లెక్కగడితే నిన్న పాసైన పిల్ల ఇవాళ ఫెయిలవుతుంది. నడుస్తున్న ప్రయోగానికి కొత్త సూత్రం, అయిపోయినదానికి అప్పుడొచ్చిన మార్కు.

ప్రతి జవాబు చిట్టా టీచర్లకు కావాలి, ఎక్కడ తడబడుతున్నారో చూడ్డానికి. దాన్ని సేవ్ ఫైలులో కలపకండి. ఒక జవాబుకు ఒక వరుస, వరుసకు 120 బైట్లు, రోజుకు 40 జవాబులు, 200 పనిదినాలు అనుకుంటే ఏడాదికి 9,60,000 బైట్లు. సేవ్‌లో ఉంటే ప్రతి ఆటోసేవ్‌కూ ఆ మొత్తాన్ని తిరగరాయాలి. వేరే ఫైలులో చివర ఒక వరుస చేర్చుకుంటూ పోతే, మధ్యలో కరెంటు పోయినా ఆఖరి వరుసే చెడుతుంది. చదివేటప్పుడు సగం వరుసను వదిలేస్తే సరిపోతుంది.

ఫార్మాట్ విషయానికొస్తే చిన్న గేముకు జేసన్ (డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) చాలు. దాని గుంతలు రెండు గుర్తుంచుకుంటే మేలు. యూనిటీలోని జేసన్‌యుటిలిటీ డిక్షనరీలను (కీ-విలువ జతల పట్టికలను) ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. ఫైలు తెరిచి చూస్తే తప్ప తెలియదు. గోడోలో జేసన్ చదివితే అంకెలన్నీ దశాంశ సంఖ్యలుగా వస్తాయి, డిక్షనరీ కీలు ఎప్పుడూ స్ట్రింగులే. మూడో లెవెల్‌ను 3 అనే అంకెతో వెతికితే దొరకదు, "3" అనే స్ట్రింగుతో వెతకాలి. యూనిటీ ఇచ్చే ప్లేయర్‌ప్రెఫ్స్ సౌండు, భాష లాంటి సెట్టింగులు దాచుకోవడానికే. విండోస్‌లో అది రిజిస్ట్రీలోకి పోతుంది, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయమని ఏ టీచరుకు చెప్పగలం? సీ షార్ప్ కోడ్ నడిచే డాట్‌నెట్‌లో డేటాను బైనరీ ఫైలుగా దాచే బైనరీఫార్మాటర్ జోలికి పోవద్దు. బయటినుంచి వచ్చిన ఫైలు తెరిస్తే అందులో దాచిన కోడ్ నడిచే ప్రమాదం ఉంది, డాట్‌నెట్ 9లో దాని అమలునే తీసేశారు. గోడోలో సేవ్‌ను రిసోర్సు ఫైలుగా దాచినా అదే ప్రమాదం, దానిలోనూ స్క్రిప్టు దూర్చవచ్చు. పెన్‌డ్రైవ్‌లు చేతులు మారే బడిలో ఇది చిన్న విషయం కాదు.

రాసే తీరు

ఉన్న ఫైలునే తెరిచి దానిమీద రాయడమంటే, కొత్త కప్పు సిద్ధం కాకముందే పాత ఇంటి పెంకులు దించడం. తెరిచిన క్షణమే పాతది సున్నా బైట్లవుతుంది. కొత్తది పూర్తయ్యేలోపు ఏం జరిగినా రెండూ పోతాయి.

సరైన క్రమం ఇదీ. డేటా మొత్తాన్ని ముందు మెమరీలోనే స్ట్రింగుగా చేయాలి. ఇక్కడే ఏదైనా తప్పు వస్తే డిస్కును ముట్టుకోనేలేదు కాబట్టి నష్టం లేదు. దాన్ని అదే ఫోల్డర్‌లో టెంప్ ఫైలుగా రాయాలి. తర్వాత డిస్కు దాకా నెట్టాలి: డాట్‌నెట్‌లో ఫ్లష్‌కు ట్రూ అనే విలువ ఇస్తేనే అది డిస్కు వరకు పోతుంది, మామూలు ఫ్లష్ ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చి వచ్చేస్తుంది. ఆ టెంప్ ఫైలును మళ్లీ తెరిచి చదివి సరిచూడాలి. అప్పుడు ఇప్పటి సేవ్‌ను బ్యాకప్ పేరుకు మార్చి, టెంప్‌కు అసలు పేరు పెట్టాలి. డాట్‌నెట్‌లో ఫైల్ రీప్లేస్ ఈ చివరి రెండూ ఒకే పిలుపులో చేస్తుంది. టెంప్ ఫైలు అదే ఫోల్డర్‌లో ఎందుకంటే, డ్రైవ్ మారితే పేరుమార్పు కాస్తా కాపీ అయిపోతుంది, కాపీ మధ్యలో తెగగలదు. పేరు మార్పుల మధ్య కరెంటు పోతే అసలు పేరుతో ఫైలే ఉండని క్షణం ఒకటి వస్తుంది. కాబట్టి గేమ్ తెరిచినప్పుడు అసలు ఫైలు, టెంప్, బ్యాకప్‌లు అన్నీ చూసి, చెల్లేవాటిలో కొత్తదాన్ని ఎంచుకోవాలి. అసలు పేరు కనబడలేదని కొత్త ఆట మొదలుపెట్టకూడదు.

చెల్లుతుందని ఎలా తెలుస్తుంది? ఫైలు మొదటి వరుసలో మూడు విలువలు పెట్టండి: ఫార్మాట్ వెర్షన్, సేవ్ లెక్క (ఎన్నోసారి సేవ్ చేశారో), కింది భాగానికి సీఆర్‌సీ-32 అనే చెక్‌సమ్ (డేటా చెడితే పట్టించే సంఖ్య). రెండో వరుస నుంచి జేసన్. చెక్‌సమ్‌ను జేసన్ లోపలే పెడితే, సరిచూసేటప్పుడు దాన్ని తీసి మళ్లీ అల్లాలి, కీల వరుస మారి అంతా బాగున్న ఫైలు కూడా తప్పని తేలుతుంది.

కొత్తది ఏదో తేదీని బట్టి తేల్చకండి. బడుల్లో పాత కంప్యూటర్లకు మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. ఇవాళ్టి సేవ్ నిన్నటిదానికన్నా పాతదిగా కనిపిస్తుంది, గేమ్ బుద్ధిగా పాతదాన్నే ఎత్తుకుంటుంది. సేవ్ చేసిన ప్రతిసారీ ఒకటి పెరిగే లెక్కకు ఈ బాధ లేదు.

మూడు బ్యాకప్‌లు ఉంచండి. ఒక్కో పిల్లకు 15 కేబీ, 60 మంది, నాలుగు కాపీలు అంటే 3,600 కేబీ; పాత ట్యాబ్‌కైనా లెక్కలోకి రాదు. అయితే మూడూ ఒకే పది నిమిషాల్లో రాసినవైతే ప్రయోజనం తక్కువ. ఒకటి క్రితంసారి సేవ్, ఒకటి ఈసారి గేమ్ తెరిచినప్పుడు ఉన్నది, ఒకటి వెర్షన్ మారకముందు తీసింది, ఇలా ఉంచితే నిజంగా పనికొస్తాయి.

ఎప్పుడు రాయాలన్నది సులువు: ప్రతి ప్రశ్న ముగిశాక, ప్రతి దశ మారాక. "సేవ్ చేయి" బటన్ మీద పిల్లలను ఆధారపడనివ్వొద్దు. గంట కొట్టాక ల్యాబ్‌లో మెయిన్ స్విచ్చే ఆఫ్ చేస్తారు. ఒకేసారి రెండు సేవ్‌లు నడవకుండా, ఒకటి నడుస్తుంటే "మళ్లీ రాయాలి" అనే గుర్తు పెట్టి, అది ముగిశాక ఇంకోసారి రాస్తే చాలు. ఆండ్రాయిడ్‌లో యాప్ వెనక్కి పోయేటప్పుడు వచ్చే పాజ్ పిలుపే మీకు దొరికే ఆఖరి అవకాశం. ఆ తర్వాత క్విట్ పిలుపు వస్తుందన్న హామీ లేదు. పాజ్‌లో కోరూటీన్ (పనిని ఫ్రేములవారీగా ముక్కలుగా చేసే ఫంక్షన్) మొదలుపెట్టి సేవ్ అయిపోతుందనుకుంటే పొరపాటు. యూనిటీ మెయిన్ లూప్ అక్కడే ఆగుతుంది, మళ్లీ తెరిస్తేనే కదులుతుంది, ఈలోపు సిస్టమ్ యాప్‌ను చంపేయవచ్చు. పాజ్‌లో రాసేది అక్కడికక్కడే, ఆ ఫంక్షన్‌లోనే పూర్తి కావాలి.

కొత్త వెర్షన్, పాత సేవ్

లెవెళ్లకు ఈనమ్ (పేర్లకు వరుస సంఖ్యలిచ్చే జాబితా) పెట్టారనుకోండి: 0 బోరు నీళ్లు, 1 పటిక, 2 వడపోత. తర్వాతి విడుదలలో పటికకు ముందు సున్నం లెవెల్ చేర్చారు. పాత సేవ్‌లో 1 అని రాసి ఉన్నది ఇప్పుడు సున్నం అయింది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. పిల్లలు చేయని పాఠం చేసినట్టు, చేసిన పాఠం చేయనట్టు కనిపిస్తుంది. టీచరే ముందు పసిగడతారు, అదీ నెల తర్వాత. వరుస సంఖ్యలు సేవ్‌లోకి పోకూడదు. ప్రతి లెవెల్‌కూ, ప్రతి ప్రశ్నకూ ఒకసారి పెట్టాక మారని గుర్తు ఉండాలి. ప్రశ్న వాక్యాన్నే గుర్తుగా వాడితే అక్షరదోషం దిద్దిన రోజున ఆ ప్రశ్న చరిత్ర పోతుంది. తీసేసిన ప్రశ్న గుర్తును ఇంకోదానికి మళ్లీ ఇవ్వడం కూడా ఇంతే చేటు.

ఫార్మాట్ మారినప్పుడు 1 నుంచి 2కు ఒక చిన్న ఫంక్షన్, 2 నుంచి 3కు ఇంకొకటి. వెర్షన్ 1 సేవ్ వస్తే రెండూ వరుసగా నడుస్తాయి. నేరుగా 1 నుంచి 3కు వేరే దారి రాయకండి, దాన్ని ఎవరూ పరీక్షించరు. ఈ ఫంక్షన్లు ఇప్పటి గేమ్ క్లాసులను ముట్టుకోకూడదు, ముడి డిక్షనరీ మీదే పనిచేయాలి. క్లాసు రేపు మారుతుంది, పాత ఫంక్షన్ విరుగుతుంది. గేమ్ వెర్షన్ కన్నా పెద్ద వెర్షన్ సేవ్ ఎదురైతే (ల్యాబ్‌లో పది మెషీన్లుంటే తొమ్మిదే అప్‌డేట్ అవుతాయి) తెరవకుండా, రాయకుండా "ఈ మెషీన్‌లో గేమ్ పాతది" అని చెప్పి ఆగాలి. బయటికి పంపిన ప్రతి విడుదల నుంచి రెండు మూడు సేవ్ ఫైళ్లు ప్రాజెక్టులోనే దాచి, ప్రతి బిల్డ్‌కూ వాటిని తెరిపించండి.

ఎవరి సేవ్?

మామూలు గేమ్ ఒక మెషీన్‌కు ఒక ఆటగాడు అనుకుంటుంది. దేవరకొండ బడిలోనో పాలమూరు గురుకులంలోనో ఒక ట్యాబ్ రోజుకు ఐదారు చేతులు మారుతుంది. "కొనసాగించు" బటన్ నేరుగా చివరి సేవ్ తెరిస్తే, ముందు కూర్చున్నవాడి ఆట తర్వాతివాడు చెడగొడతాడు, పాపం తెలియకుండానే. గేమ్ తెరవగానే తరగతి, తర్వాత పేరు లేదా బొమ్మ ఎంచుకునే తెర రావాలి. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే మళ్లీ అదే తెరకు పోవాలి.

ఫైలు పేరులో పిల్లల పేరు వద్దు. ఒకే తరగతిలో ఇద్దరు సాయికుమార్‌లు ఉండటం మనకు మామూలే. యాదృచ్ఛికంగా పుట్టించిన గుర్తుతో ఫైలు, పేరు లోపల. పేరు దగ్గర తెలుగు లిపి పెట్టే చిక్కులు వేరు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న ఒక్కో గుర్తుకు) 3 బైట్లు. "శ్రీ" అనేది కంటికి ఒక అక్షరం, లోపల నాలుగు కోడ్ పాయింట్లు, 12 బైట్లు. పేరును 20 బైట్ల దగ్గర కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి, ఆ ఫైలు మొత్తమే చదవరాకుండా పోవచ్చు. ఐత్వం రెండు రకాలుగా రావచ్చు: ఒకే కోడ్ పాయింటుగా, లేదా ఎత్వం పక్కన ఐత్వపు గుర్తుగా. తెరమీద "శైలజ" ఒకేలా ఉంటుంది, పోల్చితే రెండూ వేరని వస్తుంది. పోల్చేముందు, దాచేముందు ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి (విడి గుర్తులు ఒకటిగా కలిసే రూపంలోకి) మార్చండి.

సర్వర్‌కు పంపే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి అడుగుతుంది. రోల్ నంబరు, ముద్దుపేరు మెషీన్‌లోనే ఉంటే చాలా తలనొప్పి తప్పుతుంది. నల్లమల అంచున సిగ్నల్ కూడా అంతంతే, కాబట్టి క్లౌడ్ సేవ్ ఉన్నా మెషీన్‌లోని సేవ్ ఫైలే అసలుది.

మెషీన్ కూడా మోసం చేస్తుంది. కొన్ని ల్యాబుల్లో రీస్టార్ట్ చేయగానే సి డ్రైవ్‌ను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మీ కోడ్ ఎంత గొప్పదైనా పొద్దున్నకు సేవ్ ఉండదు. సేవ్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చుకునే సెట్టింగ్ ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో యాప్ తీసేస్తే సేవ్ కూడా పోతుంది. ఇక్కడ తరచూ జరిగేది: డెవలపర్ ల్యాప్‌టాప్ మార్చాడు, సైనింగ్ కీ (యాప్ మీద డెవలపర్ వేసే డిజిటల్ సంతకపు కీ) మారింది, కొత్త ఏపీకే పాతదాని మీద ఇన్‌స్టాల్ కాదు, టీచరు పాతది తీసేసి కొత్తది వేస్తారు, తరగతి మొత్తం సేవ్‌లు గల్లంతు. కీ ఫైలును సోర్స్ కోడ్ కన్నా జాగ్రత్తగా దాచాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న ఆటో బ్యాకప్ యాప్‌కు 25 ఎంబీ దాకా దాస్తుంది, గూగుల్ అకౌంట్ లేని బడి ట్యాబ్‌లో దానిమీద ఆశ పెట్టుకోలేం.

పాలమూరు ఊళ్లలో ఇంకో అవసరముంది. పనుల కోసం ఇంటిల్లిపాదీ ముంబై, పుణె వైపు వలసపోతే పిల్లల బడి మధ్యలో మారుతుంది. పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరుంటుంది? నోటుబుక్కులో రాసుకోగల కోడ్ ఇవ్వవచ్చు. పాఠాంశాలు 112 ఉన్నాయనుకుందాం, ఒక్కోదానికి రెండు బిట్లు: చూడలేదు, మొదలుపెట్టారు, పాసయ్యారు, బాగా వచ్చింది. 224 బిట్లు అంటే 28 బైట్లు. వెర్షన్‌కు ఒకటి, సీఆర్‌సీ-16కు రెండు కలిపితే 31 బైట్లు, 248 బిట్లు. అక్షరానికి ఐదు బిట్ల లెక్కన 50 అక్షరాలు, ఐదేసి చొప్పున పది గుంపులు. అంకెలతో కలగలిసిపోయే ఇంగ్లిష్ ఐ, ఎల్, ఓ అక్షరాలు లేని 32 గుర్తుల వరుస వాడాలి. ఒక అక్షరం తప్పు రాసినా, పక్కపక్కవి తారుమారైనా సీఆర్‌సీ-16 తప్పకుండా పట్టేస్తుంది, ఎందుకంటే ఆ తప్పు పది బిట్ల పరిధి దాటదు, అది 16 దాకా పట్టగలదు. సగంలో ఉన్న ప్రయోగం ఈ కోడ్‌లోకి రాదు, రానక్కర్లేదు.

చంపి చూడటం

సేవ్ చేసి, మూసి, తెరిస్తే పనిచేయడం పరీక్ష కిందికి రాదు. ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆదేశాలు పంపే టూల్) ఫోర్స్-స్టాప్‌తో సేవ్ మధ్యలో యాప్‌ను చంపండి. ఆ క్షణం దొరకడానికి డీబగ్ బిల్డ్‌లో టెంప్ రాశాక రెండు సెకన్ల ఆలస్యం పెట్టుకోవచ్చు. పేరు మార్పుల మధ్య ఇంకో ఆలస్యం పెట్టి మళ్లీ చంపండి. సేవ్ ఫైలును సగానికి కత్తిరించండి, సున్నా బైట్లు చేయండి, అంతా సున్నాలతో నింపండి, జేసన్‌లో ఒక కామా తీయండి, గడియారాన్ని రెండేళ్లు వెనక్కి తిప్పండి. ప్రతిసారీ గేమ్ తెరుచుకున్నాక ఫోల్డర్‌లో చెడిన ఫైలు ఇంకా ఉందా లేదా చూడాలి. లేదంటే దాన్ని ఎక్కడో చెరిపేస్తున్నట్టే.

చాలామంది వదిలేసేది నిండిన డిస్కు. ఫొటోలు, వీడియోలతో కిక్కిరిసిన ట్యాబ్‌లో టెంప్ ఫైలు సగం రాసి ఆగిపోతుంది. చదివి సరిచూసే మెట్టు ఉంటే పాత సేవ్‌కు ఏమీ కాదు, కానీ గేమ్ మూలన "సేవ్ అయింది" అన్న గుర్తు మాత్రం వెలగకూడదు. ఆ గుర్తును రాయడం మొదలైనప్పుడు కాకుండా, పేరు మార్పు పూర్తయ్యాక వెలిగించండి. స్థలం చాలలేదని టీచరుకు చెప్పే సందేశంలో ఎన్ని ఎంబీ ఖాళీ చేయాలో అంకె వేయండి, "క్లియర్ డేటా నొక్కకండి" అని కూడా రాయండి. లేకపోతే చాలామంది ముందు నొక్కేది అదే.